హెచ్-1 మీద ఉన్నప్పుడు .45 పిస్టల్ కొనొచ్చా?

ఇర్వింగ్ నుంచి, కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. టెక్సస్‌లోని డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. నాది హెచ్-1బీ (ఉద్యోగం వీసా), మా ఆవిడది హెచ్-4 (దాని మీద కుటుంబానికి ఇచ్చే వీసా). పోయిన నెల ఆఫీసులో ఒకాయన షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి తన 1911 పిస్టల్ నా చేతికిచ్చాడు. .45 ఏసీపీ, అంటే అందులో వేసే తూటా రకం. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చడం తప్ప నాకు వేరే అనుభవం లేదు. కానీ ఆ రోజు నుంచి మనసంతా దాని మీదే ఉంది. పైగా మా అపార్ట్‌మెంట్స్‌లో మొన్న ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పటి నుంచి మా ఆవిడకి రాత్రిపూట నిద్ర లేదు.

1911 కొనాలా, ఇంకా పెద్ద తూటా వేసే డెజర్ట్ ఈగిల్ .50 పిస్టల్ కొనాలా? వీసా వాళ్ళకి పేపర్ వర్క్ ఎక్కువైతే తన పేరు మీద కొనిస్తానని ఆ ఆఫీసాయన అంటున్నాడు. అలా చేయొచ్చా? పెద్దవాళ్ళు చెప్పండి.

ఫ్రిస్కో నుంచి

తమ్ముడూ, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. వద్దు. ఆయన మంచితనంతోనే అని ఉంటాడు, కానీ అది కొరివితో తల గోక్కోవడమే. నీ కోసం కొంటూ తన కోసమే కొంటున్నట్టు ఫారం మీద సంతకం పెడితే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం దానికి 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. నువ్వూ ఆయనా ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. హెచ్-1, ఎఫ్-1, హెచ్-4, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. టెక్సస్‌లో గన్స్ ఫ్రీ కదా అని అందరూ అంటారు. ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు పర్మిట్ లేకుండా పిస్టల్ వెంట పెట్టుకు తిరగొచ్చు, నిజమే. కానీ ఆ వెసులుబాటు తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళకే. ఫెడరల్ చట్టం కాదన్నవాడికి టెక్సస్ చట్టం అడ్డుపడి కాపాడదు.

దీనికొక మినహాయింపు ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన హంటింగ్ లైసెన్స్, గడువు తీరనిది, నీ దగ్గర ఉంటే ఆ నిషేధం నీకు వర్తించదు. దుప్పిని కొట్టడానికి అడవికి పోవాల్సిన పని లేదు, లైసెన్స్ ఉంటే చాలు. టెక్సస్‌లో ఆరు నెలలకు పైగా వరసగా ఉంటే రెసిడెంట్ కింద లెక్క, కాబట్టి నీకు 25 డాలర్ల లైసెన్స్ సరిపోతుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. 17 దాటినవాళ్ళు ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చు. కోర్సుని వాయిదా వేసుకునే వీలు ఒకసారికి ఉంది గానీ నువ్వు వాడుకోవద్దు. తుపాకీ చేత్తో పట్టుకుని కంచె దాటేటప్పుడు ఏం చెయ్యాలి లాంటి ప్రాణాలు కాపాడే సంగతులు అందులో నేర్పుతారు.

కొనేటప్పుడు షాపులో ఫారం 4473 నింపాలి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చావా అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటే, మినహాయింపు ఉందా అని ఇంకొకటి. రెంటికీ నిజం రాసి, హంటింగ్ లైసెన్స్ చూపించాలి. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డు) నంబర్ కూడా రాయాలి. తరువాత షాపువాళ్ళు ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ నడుపుతారు. గంజాయి తాగుతావా అని కూడా అదే ఫారంలో అడుగుతారు. కొలరాడోలో లీగలే కదా అనే మాట అక్కడ చెల్లదు, ఫెడరల్ లెక్కలో అది నేరమే. ఇంట్లో గొడవపడి డొమెస్టిక్ వయొలెన్స్ కేసులో శిక్ష పడినవాళ్ళకి కూడా దారి మూసుకున్నట్టే.

ఒక్క విషయం గుండెల్లో పెట్టుకో. తుపాకీ అర్హత నీ స్టేటస్‌ని, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే అనుమతిని, పట్టుకుని వేలాడుతుంది. ఉద్యోగం పోయి, ఆ తరువాత ఇచ్చే గ్రేస్ పీరియడ్ గడువు కూడా దాటి స్టేటస్ పోయిందనుకో, హంటింగ్ లైసెన్స్ ఉన్నా పనికి రాదు. లేఆఫ్ టెన్షన్‌లో ఉన్న మనిషికి బీరువాలో ఉన్న పిస్టల్ గుర్తుకు రాదు. అందుకే ముందే అనుకుని ఉండాలి. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి చదువుకోడానికి వచ్చిన ఒక అబ్బాయిని కాలేజీలోంచి తీసేశారు. స్టేటస్ పోయింది. ఆ తరువాత రేంజ్‌కి వెళ్ళి కాల్చినందుకు ఫెడరల్ కేసు పడింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. స్టేటస్ లేదని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలని 2019లో కోర్టు చెప్పింది. అయితే ఆ మాట చెప్పించుకునేసరికి ఆ కుర్రాడి జీవితంలో ఎన్నేళ్ళు పోయాయో ఆలోచించు. ఇలాంటి కేసులో శిక్ష పడితే జైలుతో అయిపోదు, డిపోర్టేషన్ కూడా ఉంటుంది.

ఇక నీకు, నాకు ఇష్టమైన విషయానికి వద్దాం. 1911 అంటే జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన పిస్టల్. అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుంది, 1985లో 9 ఎంఎం బెరెటా వచ్చేదాకా అదే వాళ్ళ పిస్టల్. కిలోకి కాస్త పైన బరువు, మ్యాగజైన్‌లో (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బాలో) 7 రౌండ్లు. తూటాలు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పిడి పలచగా ఉంటుంది. మన సైజు చేతులకి సరిగ్గా అమరుతుంది. .45 అనగానే భయపడతారు గానీ, అది చెంపదెబ్బలా చురుక్కుమనదు. భుజం మీద చెయ్యేసి వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. నాకు అందుకే అదంటే అంత ఇష్టం.

డెజర్ట్ ఈగిల్ .50 వేరే సంగతి. ఖాళీగానే రెండు కిలోలు. పిడి చుట్టూ చెయ్యి సరిగా తిరగదు. మణికట్టు కాస్త వదులైనా తూటా ఇరుక్కుంటుంది. ఒక్కో రౌండ్ రెండు డాలర్ల పైమాటే. చేతిలో పట్టుకుంటే గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ కొత్తవాడికి దాంతో అబ్బేది ఒకటే, పేలుతుందన్న భయంతో ముందే కళ్ళు మూసుకోవడం. ఆ అలవాటు పడితే వదిలించుకోడానికి ఏళ్ళు పడుతుంది. ముందు .22 పిస్టల్‌తో ఐదారు వందల రౌండ్లు కాల్చు. ఆ తరువాత 9 ఎంఎం. చివర్లో .45. దాని తూటాల ఖర్చు 9 ఎంఎంకి రెట్టింపు దాకా ఉంటుందని కూడా గుర్తుంచుకో.

సెమీ ఆటోమేటిక్‌లో, అంటే ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతటదే ఎక్కే తుపాకీలో, ఒక మాయ ఉంది. నా మొదటి ఏడాదిలో నాకే జరిగింది. రేంజ్‌లో కాల్చడం ఆపి ఖాళీ చేద్దామని ముందు స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లాగాను. ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఉన్న రౌండ్ బయట పడింది. తరువాత మ్యాగజైన్ తీశాను. ఖాళీ అయిపోయిందనుకుని బల్ల మీద పెట్టాను. రేంజ్ ఆఫీసర్ వచ్చి ఒక్క మాట కూడా అనకుండా పిస్టల్ తీసుకుని స్లయిడ్ లాగాడు. ఇంకో రౌండ్ బయటికి వచ్చి బల్ల మీద దొర్లుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది. నేను లాగినప్పుడు మ్యాగజైన్ లోపలే ఉంది కదా, స్లయిడ్ ముందుకెళ్తూ ఇంకో తూటాని ఛాంబర్‌లోకి తోసింది. ఆ రోజు నా చేతులు వణికిన వణుకు ఇప్పటికీ గుర్తుంది. ముందు మ్యాగజైన్ తియ్యాలి. తరువాత స్లయిడ్ లాగి, వెనకనే లాక్ చేసి, లోపలికి కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. శుభ్రం చేసే ముందు ఇదే పని మళ్ళీ చెయ్యాలి, అప్పుడు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. కొత్తగా కొన్న తుపాకీ తుడుస్తుండగా పేలి మన తెలుగు విద్యార్థి ఒకరు పోయిన వార్త మనందరం చదివాం. ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తుపాకీ ఎప్పుడూ నిండే ఉందనుకో. కాల్చకూడని వాటి వైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. నీ టార్గెట్ వెనక ఏముందో చూసుకో. ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా రావాలి.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

అన్న చెప్పింది టెక్సస్ లెక్క. రాష్ట్రం మారితే రూల్స్ మారిపోతాయి. మా దగ్గర ఒక్కో పిస్టల్‌కి విడిగా పర్మిట్ తీసుకోవాలి. మ్యాగజైన్‌లో 10 రౌండ్లకి మించకూడదు. ప్రాజెక్ట్ మారి ఇటు వస్తే కారు డిక్కీలో పడేసి తెచ్చేద్దాం అనుకోవద్దు, ముందే కనుక్కో. విమానంలో అయితే ఖాళీ చేసి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి చెకిన్‌లో వెయ్యాలి. 2023లో ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చెక్‌లో దేశమంతటా 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. చాలామంది చెప్పే మాట ఒకటే, బ్యాగ్‌లో ఉందని మర్చిపోయామని.

ప్లేనో నుంచి

మా ఆయనకి గ్రీన్ కార్డ్ వచ్చాక .45 కొన్నారు. నేనూ కాలుస్తాను. మగవాళ్ళు ఎవరూ చెప్పని నాలుగు మాటలు చెబుతాను.

మీ ఆవిడ హెచ్-4 కదా బాబూ, నీ హంటింగ్ లైసెన్స్ ఆమెకి పనికి రాదు. ఆమెకీ విడిగా ఉండాలి. లేదంటే సేఫ్ కోడ్ ఆమెకి చెప్పకూడదు. ఆమె చేతికి అందేలా ఉంటే ఆమె దగ్గర ఉన్నట్టే చూస్తారు. కాబట్టి రాత్రిపూట ఆమె భయం పోవాలని కొనడమైతే, ముందు ఆమెని కూర్చోబెట్టి మాట్లాడు. తుపాకీ ఇంట్లో ఉందంటే భయం పెరిగే ఆడవాళ్ళు కూడా ఉంటారు. మన ఇళ్ళకి దొంగలు వచ్చేది బంగారం కోసం, అదీ ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేనప్పుడు. నగలు బ్యాంక్ లాకర్‌లో పెట్టి, తలుపుకి గట్టి గడియ, కెమెరా పెట్టిస్తే ఆ భయంలో సగం పోతుంది.

రేంజ్‌కి మెడ దిగిన కుర్తీ వేసుకుని వెళ్ళొద్దని ఆమెకి చెప్పు. కాల్చగానే ఎగిరిపడే ఇత్తడి కేసు నిప్పులా ఉంటుంది. మొదటి రోజు అది నా మెడలోకి పడింది. అప్పుడు పిస్టల్ చేతిలో ఉండగా గెంతడమే అసలు ప్రమాదం. మెడ మూసిన టీషర్ట్, టోపీ, కళ్ళద్దాలు ఉండాలి. చెవుల్లో ప్లగ్‌లు, వాటి మీద చెవుల్ని మూసే మఫ్స్ కూడా.

ఇండోర్ రేంజ్ గాలిలో సీసం ఉంటుంది. అది చేతులకి, బట్టలకి అంటుకుంటుంది. మనం అన్నం చేత్తో తినేవాళ్ళం. సబ్బూ చల్లనీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు మార్చుకుని అప్పుడు కంచం ముందు కూర్చోండి. చెప్పులు గుమ్మం బయటే వదలండి. నేలంతా పాకే పసివాళ్ళు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. పిల్లలు అంటే గుర్తొచ్చింది, 17 ఏళ్ళలోపు పిల్లలకి నిండిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం. దసరాకి ఆయుధ పూజలో పెట్టినా మేము ఖాళీ చేసి, స్లయిడ్ వెనక్కి లాక్ చేసి పెడతాం. కుంకుమ పెట్టి హారతి ఇవ్వగానే సేఫ్‌లోకి వెళ్ళిపోతుంది.

ఇంకొకటి. రెండేళ్ళ క్రితం హైదరాబాద్ ప్రయాణం ముందు రాత్రి సర్దుకుంటున్నాం. ల్యాప్‌టాప్‌కి బ్యాక్‌ప్యాక్ కావాలని మా ఆయన రేంజ్‌కి తీసుకెళ్ళేది దులిపారు. పక్క జేబులోంచి ఒక .45 రౌండ్ టక్కుమని టైల్స్ మీద పడి సోఫా కిందికి దొర్లింది. ఇద్దరం అలా చూస్తూ ఉండిపోయాం. అదే శంషాబాద్‌లో స్కానర్‌లో కనబడి ఉంటే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్ట్ గొడవ, లాయర్లు, వాయిదాలు. ఒక్క తూటా చాలు. అప్పటి నుంచి రేంజ్ బ్యాగ్ వేరే రంగు. ఎర్రది కొన్నాం. అది ఇండియా సూట్‌కేసుల పక్కకి కూడా రాదు.

ఇర్వింగ్ నుంచి

అన్నా, అక్కా, చాలా థాంక్స్. చదువుతుంటే చెమటలు పట్టాయి. పోయిన నెల నేను ఆల్‌రెడీ కాల్చేశాను కదా, లైసెన్స్ లేకుండా. ఇప్పుడేం చెయ్యాలి?

ఫ్రిస్కో నుంచి

తెలియక చేశావు తమ్ముడూ. కంగారు పడకు, కానీ తేలిగ్గా కూడా తీసుకోకు. రేంజ్‌లో చేత్తో పట్టుకున్నా అది దగ్గర ఉన్నట్టే లెక్క, అద్దెకి తీసుకున్నా అంతే. లైసెన్స్ చేతికి వచ్చేదాకా మళ్ళీ వెళ్ళొద్దు. ఈ సంగతి ఇక్కడ మాతో కాదు, ఒక ఇమిగ్రేషన్ అటార్నీతో గంట కూర్చుని మాట్లాడు. ఆ ఫీజు దండగ కాదు. ఆయన ఏం చెబితే అది చెయ్యి, మా మాట మీద ఆధారపడకు.

ఇంకొకటి మర్చిపోయాను. టెక్సస్‌లో ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్ట్ 31తో గడువు తీరిపోతుంది. కొత్తవి ఆగస్ట్ మధ్యలోనే అమ్మకానికి వస్తాయి. సెప్టెంబర్ 1 పొద్దున్న కొత్తది లేకపోతే, పిస్టల్ సేఫ్‌లో కదలకుండా ఉన్నా నువ్వు తప్పు చేస్తున్నట్టే. ఫోన్‌లో ఆగస్ట్ 20కి రిమైండర్ పెట్టుకో, ప్రతి ఏడాదీ. మీ ఆవిడ తీసుకుంటే ఆమె ఫోన్‌లో కూడా.

కోర్సు అయిపోయి, లైసెన్స్ వచ్చి, అటార్నీ సరేనన్నాక నాకొక మెసేజ్ పెట్టు. శనివారం పొద్దున్నే రేంజ్ ఖాళీగా ఉంటుంది. మీ ఆవిడ కూడా లైసెన్స్ తీసుకుంటే ఇద్దరూ రండి. నా .22 తెస్తాను. నా 1911 కూడా తెస్తాను, కానీ మొదటి రోజు అది పెట్టెలోనే ఉంటుంది.