సిక్స్ నేషన్స్ యారోస్ జట్టు పాత చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మేం కెనడాలో, బ్రాంట్‌ఫర్డ్‌లో ఉంటాం. పక్కనే సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రాంతం ఉంది. వాళ్ల జూనియర్ బాక్స్ లాక్రోస్ జట్టు యారోస్ అంటే మా అబ్బాయికి ప్రాణం. లాక్రోస్ అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట; బాక్స్ లాక్రోస్ దాని ఇండోర్ రకం. ఐస్ తీసేసిన హాకీ రింక్‌లో గోలీ కాక ఐదుగురు చొప్పున ఆడతారు. బంతి బోర్డులకు తగిలి వెనక్కొచ్చిందంటే చాలు, క్షణంలో ఆట మారిపోతుంది!

1992, 2007, 2014, 2015లో యారోస్ మింటో కప్ గెలిచింది. జూనియర్లకు అది కెనడా జాతీయ టైటిల్. ఈ ఆటని తరతరాలుగా ఆడుతున్న హోడెనోషోనీ ప్రజల (సిక్స్ నేషన్స్ ఆదివాసుల) జట్టు కాబట్టి, ఆ గెలుపులకు విలువ ఇంకా ఎక్కువని నా అభిప్రాయం.

నాకు కావాల్సింది 1992కి ముందు సంగతులు. అప్పటి మ్యాచ్ ప్రోగ్రామ్‌లు, పేపర్ కటింగులు ఏ లైబ్రరీలో చూడొచ్చు? అక్కడి పెద్దవాళ్లని నేరుగా అడగొచ్చా, ఎవరి ద్వారానైనా వెళ్లాలా? వాళ్ల చరిత్ర కదా, మర్యాద తప్పకూడదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.