ఈ మధ్య వెళ్లిపోయిన మన పాటవాళ్లు: గానసభలో ఏ పాటలు పాడాలి?

చిక్కడపల్లి శ్రోత
అందరికీ నమస్కారం. మాది సరదాగా పాడుకునే చిన్న బృందం. ఉద్యోగ విరమణ చేసినవాళ్లే ఎక్కువ. వచ్చే నెలలో ఒక ఆదివారం సాయంత్రం త్యాగరాయ గానసభలో హాలు దొరికింది. 2020 నుంచి ఇప్పటివరకు మనల్ని విడిచి వెళ్లిన గాయకులు, కవులు, సంగీత దర్శకులను తలచుకుందామని సంకల్పం. తీరా జాబితా రాయడానికి కూర్చుంటే సగానికి పైగా బాలు గారి పాటలే వచ్చాయి. ఏది తీసేద్దామన్నా ఎవరో ఒకరు అలుగుతున్నారు. మాకున్నది రెండున్నర గంటలు. కీబోర్డు, తబలా, ప్యాడ్స్, వేణువు ఉన్నాయి. ట్రాకులు పెట్టుకుని పాడకూడదన్నది మా పట్టుదల. ఎవరిని వదలకూడదు, ఏ పాటతో తలచుకోవాలి? చెప్పండి.

సైదాబాద్ వీణ
బాలు గారి పాటలు సగం రావడంలో వింతేముంది? 1966 డిసెంబరులో కోదండపాణి గారు పాడించిన మొదటి పాట నుంచి యాభై ఏళ్లకు పైగా పాడిన మనిషి. కానీ మీరు చేసేది బాలు విభావరి కాదు కదా. మనిషికో పాట అని కాకుండా, వెళ్లిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసిన పాటలు వెతకండి.

'స్వాతి కిరణం'లో 'ఆనతినీయరా హరా' ఉంది. రాసినది సిరివెన్నెల, పాడినది వాణీ జయరాం, సినిమా తీసినది విశ్వనాథ్. సిరివెన్నెల గారు 2021 నవంబరు 30న ఇక్కడే సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. విశ్వనాథ్ గారు కూడా ఈ ఊళ్లోనే, 2023 ఫిబ్రవరి 2న. 'శంకరాభరణం' 1980లో విడుదలైన తేదీ కూడా అదే కావడం చూసి మా ఇంట్లో అందరం నివ్వెరపోయాం. ఆ విషాదం నుంచి తేరుకోకముందే, ఫిబ్రవరి 4న చెన్నైలో వాణీ జయరాం గారు. పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పది రోజులే. ఆమెకు వచ్చిన మూడు జాతీయ పురస్కారాలలో రెండు విశ్వనాథ్ సినిమాలలో పాడినందుకే. ఈ ఒక్క పాట పాడితే ముగ్గురికీ దండం పెట్టినట్టే.

ఒక్క హెచ్చరిక. తెర మీద ఆ పాట పాడేది గంగాధరం అనే పిల్లవాడు. వాణి గారు ఆ వయసు తెలిసేలా, బరువు పెట్టకుండా పాడారు. పాండిత్యం చూపించాలనుకునే వారికి ఆ పాట ఇవ్వకండి.

అల్వాల్ వాసి
చర్చ అంతా సినిమా చుట్టూనే తిరుగుతోంది. గద్దర్ గారి పేరు ఎవరికీ తట్టలేదా?

2023 ఆగస్టు 6న ఆయన పోయారు. మర్నాడు ఎల్బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా ఊరేగింపు. నేను మా వీధి చివర చాలాసేపు నిలబడ్డాను. ముందు జనం వచ్చారు, వాళ్లతో పాటలు వచ్చాయి, ఎప్పటికో గాని వాహనం రాలేదు. ఏడ్చేవాళ్ల కంటే పాడేవాళ్లే ఎక్కువ. ఆయన పెట్టిన మహాబోధి పాఠశాల ఆవరణలోనే సమాధి చేశారు. ఆ రోజు ఆ తొక్కిడిలోనే 'సియాసత్' మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ గారు కుప్పకూలి ప్రాణం వదిలారు. ఆయన పాటవారు కారు గాని, గద్దర్ కోసం వచ్చి పోయిన మనిషి. ఆయన పేరు కూడా చెప్పండి.

ఇంకొకరు సాయిచంద్. గద్దర్ కంటే ఆరు వారాల లోపే ముందు, జూన్ 29న గుండెపోటుతో పోయారు. ముప్పై తొమ్మిదేళ్లు! మిట్టపల్లి సురేందర్ రాసిన 'రాతి బొమ్మల్లోన' ఆయన గొంతులో వినని తెలంగాణ పల్లె ఉండదు.

దయచేసి గద్దర్ పాటకు కీబోర్డు తగిలించకండి. డప్పు, గజ్జెలు చాలు.

చిక్కడపల్లి శ్రోత
అన్నా, మీరన్నది సబబే. కానీ మా బృందంలో ఒకరు అప్పుడే 'సభలో రాజకీయాలు వద్దు' అని పట్టుబట్టారు. ఆయనే మా తబలా.

అల్వాల్ వాసి
అయితే 'బండెనక బండి కట్టి' పాడండి. బండి యాదగిరి రాసిన పాట. 'మా భూమి'లో గద్దర్ స్వయంగా కనిపించి పాడతారు. సినిమా పాటే కదా అని ఆయనకు చెప్పండి, పేచీ ఉండదు.

పాత ఆర్కెస్ట్రా
నేను ఒకప్పుడు ఆర్కెస్ట్రాలలో కీబోర్డు వాయించినవాణ్ణి. అందుకే రాజ్ గారి పేరు రాకపోవడం చివుక్కుమంది. 2023 మే 21న ఈ నగరంలోనే పోయారు. టి.వి. రాజు గారి కుమారుడు ఆయన, సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు కోటి. ఇద్దరూ కలిసి రాజ్-కోటి. విడిపోయాక కోటి గారు జనం కళ్లెదుటే ఉన్నారు, రాజ్ గారు తెరమరుగయ్యారు. దాంతో చాలామంది అదంతా ఒకే మనిషి పేరనుకుంటారు! తరువాత ఎ.ఆర్. రెహమాన్‌గా పేరు పొందిన దిలీప్ వాళ్ల దగ్గర కీబోర్డు వాయించినవాడే.

వాళ్ల పాటలు వేదిక మీద వాయించడం మాకు పరీక్ష. 'హలో బ్రదర్' పాట మొదలుపెడితే ఎడమ చేతికి బేసు, కుడి చేతికి బ్రాస్, మధ్యలో వయొలిన్ల వరస ఎవరు వాయించాలి? ఒక్క కీబోర్డుతో సాహసించకండి. రాజ్ గారు ఒంటరిగా చేసిన 'సిసింద్రీ' నుంచి ఒక పాట తీసుకుంటే మీ వాద్యాలకు సరిపోతుంది, ఆయన పేరు కూడా విడిగా వినిపిస్తుంది.

మీకు వేణువు ఉందన్నారు కాబట్టి ఇంకో మాట. జి. ఆనంద్ గారి 'ఒక వేణువు వినిపించెను', 'అమెరికా అమ్మాయి' లోది, 1976. సినిమాల్లో అవకాశాలు తగ్గినా 'స్వర మాధురి' పేరుతో బృందం నడిపి ఊరూరా పాడిన మనిషి. నాలాంటి ఆర్కెస్ట్రా వాళ్లకు ఆయనొక ధైర్యం: సినిమా పిలవకపోతే వేదిక ఉంది. 2021 మే 6న కరోనాతో పోయారు. ఆసుపత్రిలో మంచం దొరకడమే గగనమైన రోజులవి.

రామంతాపూర్ రమ
మీరు కరోనా మాట ఎత్తారు కాబట్టి అంటున్నాను. మిగతావారికి జనం వెళ్లి దండం పెట్టగలిగారు, సంతాప సభలు జరిగాయి. కరోనా రోజుల్లో పోయినవాళ్లకు అదీ దక్కలేదు. వంగపండు గారు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయారు. మర్నాడే బాలు గారు ఆసుపత్రిలో చేరారు. ఆ వార్తల హోరులో 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' రాసిన మనిషిని ఎందరు తలచుకున్నారు?

బాలు గారి కోసం ఒక సాయంత్రం అందరం ఒకే సమయానికి ఆయన పాటలు పెట్టుకుని ప్రార్థించాం. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి అంతస్తులో వేరు వేరు పాట, మెట్ల దగ్గర నిలబడితే అన్నీ కలగాపులగం. సెప్టెంబరు 25న మధ్యాహ్నం వార్త వచ్చాక ఎవరూ ఎవరింటికీ వెళ్లలేకపోయాం. తామరైపాక్కంలో జరిగిన అంత్యక్రియలు టీవీలో చూసి ఊరుకున్నాం. ఆ లోటు తీరాలంటే సభను వీళ్లతో మొదలుపెట్టండి: వంగపండు, బాలు, ఆనంద్. తరువాతే మిగతావారు.

కొత్తగా చేరిన కుర్రాడు
కేకేని మరచిపోవద్దు. 2022 మే 31న కోల్‌కతాలో కచేరీ ముగించుకుని హోటల్‌కు వెళ్లాక పోయారు. మా వయసు వాళ్లకు 'ఘర్షణ'లో 'చెలియ చెలియా' ఆయనదే. బలగం మొగిలయ్య గారు కూడా పోయారు కదా, ఆయన కిన్నెర పాట ఒకటి పెడితే?

సైదాబాద్ వీణ
బాబూ, ఇద్దరినీ కలిపేశారు. కిన్నెర వాయించి పద్మశ్రీ పొందినవారు దర్శనం మొగిలయ్య. 2024 డిసెంబరులో పోయినవారు పస్తం మొగిలయ్య, భార్య కొమురమ్మతో కలిసి 'బలగం' చివరి పాట పాడిన బుర్రకథ కళాకారుడు. సభలో ఈ పొరపాటు జరిగితే బతికున్నవారికి నివాళి అర్పించినట్టవుతుంది!

పాత ఆర్కెస్ట్రా
లతా మంగేష్కర్ గారికి చోటు కావాలంటే 1955 నాటి 'సంతానం'లో 'నిదురపోరా తమ్ముడా' ఉంది. సుసర్ల దక్షిణామూర్తి గారి బాణీ. చిన్న పాట, వేణువుకు పని.

అల్వాల్ వాసి
అందెశ్రీ గారు 2025 నవంబరు 10న పోయారు. బడి మొహం చూడకుండా రాష్ట్ర గీతం రాసిన కవి. 'జయ జయహే తెలంగాణ' పాడితే సభ లేచి నిలబడాలి కాబట్టి మొదట్లోనే పెట్టండి, మధ్యలో పెడితే మోకాళ్ల నొప్పులవాళ్లు తిడతారు. నన్నడిగితే 'మాయమైపోతున్నడమ్మా' పాడితేనే ఆయన మనసు తెలుస్తుంది. సినిమా కవులలో కందికొండ (2022 మార్చి), కులశేఖర్ (2024 నవంబరు) ఇద్దరూ ఈ నగరంలోనే, చిన్న వయసులోనే పోయారు. కులశేఖర్ కోసం ఆర్.పి. పట్నాయక్ బాణీలలో ఏదైనా ఎత్తుకోండి, హాలంతా వంత పాడుతుంది.

చిక్కడపల్లి శ్రోత
అందరికీ కృతజ్ఞతలు. నిన్న బృందంతో కూర్చున్నాం. రమ గారి మాట ప్రకారం కరోనా కాలంలో పోయినవాళ్లతో మొదలు. బాలు గారివి మూడే పాటలు. దీనికి మా ఇంట్లోనే ఇంకా ఒప్పుకోలేదు. 'ఆనతినీయరా' పాడేది మా కోశాధికారి గారి మనవరాలు, ఇంటర్ చదువుతోంది. ఆనంద్ గారి పాట, 'సిసింద్రీ' పాట ఖాయం. కేకే పాటకు సాధన సరిపోవడం లేదు, చూడాలి. ప్రతి పాటకు ముందు రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, అందరి పేర్లూ చదువుతాం. 'బండెనక బండి' కూడా ఉంది. తబలా ఆయన ఆ పాటకు లేచి టీ తాగడానికి వెళతారట. ఇక డప్పు వాయించేవారే దొరకలేదు.

అల్వాల్ వాసి
డప్పు నేను తెస్తాను, వాయించేవాణ్ణీ తెస్తాను. మైకు మాత్రం డప్పుకు ఆనించి పెట్టనివ్వకండి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలు లేచిపోతారు.