సాఫ్ట్‌వేర్ రోస్టర్ వచ్చాక నైట్లన్నీ నాకే ఎందుకు పడుతున్నాయి?

ఐసీయూ_సిస్టర్:
హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మొన్నమొన్నటిదాకా డ్యూటీ చార్టు మా ఇన్‌చార్జ్ సిస్టర్ పెన్సిల్‌తో రాసి బోర్డుకి అంటించేవారు, కుదరకపోతే వెళ్లి బతిమాలుకునేవాళ్లం. ఇప్పుడు నాలుగు నెలలుగా సాఫ్ట్‌వేర్ వేస్తోంది. 25వ తారీఖున ఫోన్‌లో టింగుమంటుంది, అంతే. మార్నింగ్ 8 నుంచి 2, ఈవెనింగ్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి పొద్దున 8. మొత్తం 18 మందిమి, రాత్రికి ముగ్గురం ఉండాలి. నెలకి నాకు 10 నైట్లు పడుతున్నాయి, ఒక్క నెల మాత్రం 9. నా తర్వాత చేరిన అమ్మాయిలకి రెండో మూడో. అడిగితే "సిస్టమ్ వేసింది, మా చేతిలో లేదు" అంటున్నారు. ఇలాంటివి తయారుచేసేవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే చెప్పండి, అసలు అది ఏం చూసి వేస్తుంది? మా పాప స్కూలుకెళ్లే టైముకి నేను ఇంట్లో ఉండి ఎన్నాళ్లయిందో.

హెడ్‌సెట్_అన్న:
మాది కాల్ సెంటర్ అక్కా. మా దగ్గర రెండు మెట్లు. ముందు ఏ అరగంటకి ఎన్ని కాల్స్ వస్తాయో పాత లెక్కల్ని బట్టి అంచనా వేసి, దానికి ఎంతమంది కావాలో తేలుస్తారు. దానికి వాడే ఫార్ములా కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన 1917లో అచ్చువేసింది, ఇప్పటికీ అదే నడుస్తోంది! ఆ తర్వాతే మనుషుల్ని గళ్లలో కూర్చోబెడతారు. మీకు రాత్రికి ముగ్గురు అని ముందే ఖాయం కాబట్టి మొదటి మెట్టు లేదు. గొడవంతా రెండో మెట్టులోనే ఉండాలి.

గళ్ళనుడి:
నేను ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే ఆరేళ్లుగా పనిచేస్తున్నా. మీ మీద దానికి కోపం లేదు, ప్రేమా లేదు.

దానికి రెండు రకాల నియమాలు ఇస్తాం. మొదటివి ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడనివి: రాత్రికి ముగ్గురికి తగ్గకూడదు, నైట్ దిగిన పూటే మార్నింగ్ పడకూడదు, వారానికి ఒక ఆఫ్ ఉండాలి, ఇలాంటివి. రెండోవి దాటొచ్చు గానీ దాటితే జరిమానా. ఎవరో అడిగిన సెలవు ఇవ్వకపోతే 10 పాయింట్లు అనుకోండి, ఒకరికి మిగతావాళ్లకన్నా ఒక నైట్ ఎక్కువ పడితే 2 పాయింట్లు. మొత్తం జరిమానా ఎంత తగ్గితే రోస్టర్ అంత మంచిదని దాని ఉద్దేశం. ఆ 10, 2 ఎవరు పెట్టారు? మీ ఆఫీసులో కూర్చున్న ఎవరో ఒకరు, చాలాచోట్ల కంపెనీవాడు మొదట్లో పెట్టి ఇచ్చిన అంకెల్నే ఎవరూ ముట్టుకోరు కూడా. "మా చేతిలో లేదు" అన్నది సగం అబద్ధం.

18 మంది, 30 రోజులు, రోజుకి మార్నింగ్, ఈవెనింగ్, నైట్, ఆఫ్ అని నాలుగు అవకాశాలు అంటే 540 గళ్లు. వాటిని నింపే దారుల లెక్క రాయాలంటే 1 పక్కన 325 సున్నాలు పెట్టినా చాలదు. అన్నీ చూసేంత ఓపిక ఏ కంప్యూటర్‌కీ లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏదో ఒక రోస్టర్ వేసేసి, ఇద్దరి డ్యూటీలు అటూ ఇటూ మార్చి చూసి, జరిమానా తగ్గితే ఉంచుకుంటూ పోతాయి. ఇంకొన్ని దీన్ని గణిత సమస్యగా రాసి, పనికిరాని దారుల్ని చెట్టు కొమ్మల్లా మొదట్లోనే నరికేస్తూ వెతుకుతాయి. ఇది కొత్తదేం కాదు, టోల్ బూత్‌లలో మనుషుల్ని డ్యూటీకి వేసే లెక్క గురించి డాంట్జిగ్ అనే గణిత శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. ఇలాంటి లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్ గూగుల్ ఓఆర్-టూల్స్ అని ఉచితంగా దొరుకుతుంది, అందులో నర్సుల డ్యూటీలే ఉదాహరణగా ఇచ్చారు, కోడ్ రాసేవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే చూపించండి.

ఇక మీ సంగతి. రాత్రికి ముగ్గురైతే నెలకి 90 నైట్లు, 18 మందికి సమానంగా పంచితే తలా 5. మీకు 10 పడుతున్నాయంటే దాటకూడని నియమం ఏదో మిమ్మల్ని పట్టుకుని ఉంది. వెంటిలేటర్ ట్రైనింగ్ అయినవాళ్లు రాత్రికి ఇంతమంది ఉండాలని ఏమైనా ఉందా?

ఐసీయూ_సిస్టర్:
ఉంది, ఇద్దరు ఉండాలి. సిస్టమ్‌లో ఆ టిక్కు ఉన్నది ఆరుగురికి. నేనూ ఒకదాన్ని.

గళ్ళనుడి:
దొరికింది. రాత్రికి ఇద్దరంటే 60 నైట్లు. ఆరుగురికి పంచండి, తలా 10. మిగిలిన 30 నైట్లు 12 మందికి, అంటే రెండో మూడో. మీరు చెప్పిన అంకెలే అవి. సమానంగా పంచాలన్న కోరికకి జరిమానా 2 కాదు కదా 2,000 పెట్టినా ఇది మారదు, ఎందుకంటే దానికి వేరే దారే లేదు. ఆరుగురు కాస్తా ఎక్కువైతే తప్ప.

రిటైర్డ్_ఇన్‌చార్జ్:
ఇరవై ఏళ్లు నేను చార్టు రాశానమ్మా. పెన్సిల్ చార్టు ధర్మరాజు రాసినట్టు ఎవరూ అనుకోవద్దు, నా ముందు ఏడ్చినవాళ్లకి ఆఫ్ ఇచ్చాను, నోరు లేనివాళ్లకి నైట్ వేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కాకపోతే పోయిన సంక్రాంతికి ఎవరు డ్యూటీలో ఉన్నారో నాకు గుర్తుండేది. మీ సాఫ్ట్‌వేర్ పోయిన నెల లెక్క ఈ నెలకి తెస్తోందా, లేక ఒకటో తారీఖున అన్నీ సున్నా చేసి మొదలుపెడుతోందా? అది అడుగు. ఇంకోటి, టిక్కు లేని ఆ పన్నెండు మందిలో ట్రైనింగ్ అయినవాళ్లు నిజంగా ఎవరూ లేరా?

డల్లాస్_ఎంఎస్:
చిన్న మాట. నేను క్యాంపస్ డైనింగ్ హాల్లో చేస్తా. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు కాబట్టి దాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ గట్టిగా పట్టుకుంటుంది. కానీ చేరిన కొత్తలో ఫ్రీ టైమ్ అడిగితే మొహమాటానికి వారమంతా ఫ్రీ అని పెట్టా. శుక్రవారం రాత్రి క్లోజింగ్ మొత్తం నా నెత్తిన పడింది. అక్కా, మీ ప్రొఫైల్లో అలాంటి గడి ఏదైనా ఖాళీగా వదిలేశారేమో చూసుకోండి.

గళ్ళనుడి:
ఇన్‌చార్జ్ మేడమ్ అడిగిన రెండు ప్రశ్నలూ ముఖ్యమైనవే, మేము కూడా కస్టమర్ అడిగేదాకా పాత నెలల లెక్క కలపని రోజులు ఉన్నాయి.

ఐసీయూ_సిస్టర్:
ఐదు వారాల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి. ముగ్గురు అమ్మాయిలు ట్రైనింగ్ పూర్తిచేసి ఎప్పుడో అయిందట, సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి, సిస్టమ్‌లో ఎవరూ టిక్కు పెట్టలేదు. హెచ్‌ఆర్ చుట్టూ నాలుగుసార్లు తిరిగితే పెట్టారు. ఈ నెల నాకు 7 నైట్లు. ప్రొఫైల్లో ఖాళీగా ఉన్న ఫ్రీ టైమ్ గడి కూడా పాప స్కూలు టైము చూసి నింపాను, మంగళ, గురువారాలు పొద్దున ఇంట్లో ఉంటున్నా. పాత నెలల లెక్క మాత్రం కలపరట, దానికి వేరే ప్యాకేజీ కొనాలట. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది.