పైన్ చెట్ల కింద రాలిన ఆకులు ఊడ్చేయాలా, ఉంచాలా?

కాకరపందిరి (అట్లాంటా శివారు):
మా పెరట్లో ఆరు లోబ్లాలీ పైన్ చెట్లున్నాయి, ఒక్కోటి ఎనభై అడుగులుంటుంది. కింద ఎర్ర బంకమట్టి. రెండేళ్ళు గోంగూర, వంగ వేశాను, జానెడు దాటి ఎదగలేదు. సూదుల్లాంటి ఈ ఆకులే మట్టిని ఆమ్లంగా మారుస్తున్నాయని పక్కింటాయన అంటున్నారు. మొత్తం ఊడ్చేసి, ఆమ్లం తగ్గడానికి సున్నం చల్లి, టిల్లర్‌తో (మట్టిని తిరగదున్నే చిన్న యంత్రం) దున్నమన్నారు. శనివారం టిల్లర్ అద్దెకు తెద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

సరుగుడుతోపు:
ఆయన చెప్పింది నిజమండీ. బాపట్ల వైపు మా తాతగారి సరుగుడు తోపులో గడ్డిపోచ మొలిచేది కాదు. రాలిందంతా ఊడ్చి పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్ళం. ఊడ్చేయండి.

ఎర్రమట్టి (జార్జియాలో పదకొండేళ్ళు):
కాకరపందిరి గారూ, దయచేసి టిల్లర్ తేవద్దు. పైన్ చెట్టుకు నీళ్ళూ పోషకాలూ పీల్చే సన్నవేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. దున్నితే అవన్నీ తెగుతాయి. నీరసించిన చెట్టుకు బెరడు తొలిచే పురుగు పడుతుంది. ఎనభై అడుగుల చెట్టు ఇంటి పక్కన ఎండిపోతే ఎంత టెన్షనో మేం పడ్డాం.

ఇక ఆకుల సంగతి. చెట్టు మీదున్న పచ్చి ఆకు ఆమ్లమే, పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, 7 కన్నా ఎంత తగ్గితే అంత ఆమ్లం) 3.5 దాకా ఉంటుంది. రాలి కుళ్ళే కొద్దీ సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని విరగ్గొడతాయి, కింద మట్టిలో పెద్ద తేడా రాదు. ఇక్కడి ఎర్రమట్టి పైన్ లేకపోయినా ఆమ్లమే. వేల ఏళ్ళ వానలకు కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయాయి. మా పెరట్లో మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ పైన్ కింద 5.2 వచ్చింది, చెట్టే లేని చోట 5.3.

మీ గోంగూర ఎదగకపోవడానికి నీడ ఒక కారణం, చెట్టు నీళ్ళన్నీ లాగేసుకోవడం ఇంకో కారణం. చిన్న జల్లైతే చాలావరకు పైకొమ్మల ఆకుల్లోనే ఆగిపోతుంది, కిందికి దిగదు. అలాంటి జల్లు పడిన మర్నాడు వేలితో తవ్వి చూడండి, పొడిగానే ఉంటుంది.

సరుగుడుతోపు:
అయితే సున్నం కూడా వద్దంటారా? 5.2లో వంకాయ కాస్తుందా?

ఎర్రమట్టి:
ఆ మాట ఒప్పుకుంటానండీ. కూరగాయలకు 6 నుంచి 6.5 కావాలి, అంతకన్నా బాగా తగ్గితే బంకమట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్ళను కుదిస్తుంది. కానీ సున్నం ఎంతో పరీక్ష చేయించాకే తెలుస్తుంది. ఏడెనిమిది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (యూనివర్సిటీ తరఫున జిల్లాలో వ్యవసాయ సలహాలిచ్చే ఆఫీసు) ఇవ్వండి. జార్జియా యూనివర్సిటీ ల్యాబ్ వాళ్ళు ఎంత వేయాలో రాసి పంపుతారు. వేశాక పని చేయడానికి నెలలు పడుతుంది, కాబట్టి చలికాలానికి ముందే వేయాలి.

సరుగుడుకూ పైన్‌కూ పోలిక పైకి మాత్రమే. సరుగుడు వేళ్ళలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, పైన్‌కు ఆ సౌకర్యం లేదు. రాలిన ఆకులు ఊడ్చుకుపోతే దాని తిండి మనం లాక్కున్నట్టే. చెట్ల కింద ఏడాదికి అంగుళం, అంగుళంన్నర కుళ్ళిన ఆకు ఎరువు పరిచి, పైన ఆ సూదులే కప్పండి. అంతకు మించి మట్టి పోస్తే వేళ్ళకు గాలి ఆడదు. మా ఇంట్లో మూడో ఏటికి వానపాములు కనిపించాయి. అక్కడ అజేలియా, కమీలియా లాంటి పూలపొదలు వేయండి, కాస్త ఎండ తగిలే అంచున బ్లూబెర్రీ వేయండి, వాటికి ఆమ్లం ఇష్టం.

కాకరపందిరి:
టిల్లర్ మానేశాను. కానీ నాకు కావలసింది గోంగూర, అజేలియా కాదు. ఎండ ఉండేది ఇంటి ముందే. అక్కడ కూరగాయలు వేయకూడదని మా కమ్యూనిటీ రూలు. రెండు చెట్లు కొట్టించేద్దామా అని మా ఆవిడ అడుగుతోంది.

సరుగుడుతోపు:
కొట్టించండి. తిండి పండని పెరడెందుకు?

ఎర్రమట్టి:
మీ కమ్యూనిటీ వాళ్ళు కుండీలకు ఒప్పుకుంటారేమో కనుక్కుని, ముందు డ్రైవ్‌వే మీద ఓ పక్కన నాలుగు పెద్ద కుండీల్లో ఒక వేసవి చూడండి. గోంగూర కుండీలో చక్కగా వస్తుంది. కుండీలు మాత్రం సిమెంటు మీదే పెట్టండి. చెట్ల దగ్గర నేల మీద పెడితే ఏడాది తిరక్కుండా పైన్ వేళ్ళు అడుగు రంధ్రాల్లోంచి పైకి పాకి నీళ్ళన్నీ తాగేస్తాయి, నాకు రెండు కుండీలు అలాగే పోయాయి.