యూదుల చరిత్రకి నమ్మదగ్గ ఆన్‌లైన్ రిఫరెన్సులు ఏవి?

చదువరి77

అందరికీ నమస్తే. మధ్యయుగాల్లో కైరో, ఏడెన్ (యెమెన్‌లోని రేవు), మలబారు తీరాల మధ్య వ్యాపారం చేసిన యూదుల మీద ఒక పత్రికకి పెద్ద వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లిష్‌తో ఇబ్బంది లేదు. హీబ్రూ మాత్రం ఒక్క అక్షరం రాదు. వెతికితే సైట్లకి కొదవ లేదు గానీ, ఒకదానికీ ఒకదానికీ పొంతన కుదరడం లేదు. కొచ్చిన్ యూదుల నాయకుడు జోసెఫ్ రబ్బాన్‌కి రాజు రాగిరేకులు రాయించి ఇచ్చింది క్రీ.శ. 379లో అని ఒకచోట, 1000 ప్రాంతంలో అని ఇంకోచోట ఉంది. ఆరు వందల ఏళ్ల తేడా! నా ఎడిటర్ గారు ఊరుకునే రకం కాదు, ప్రతి తేదీకీ ఆధారం అడుగుతారు. డబ్బు కట్టి చూసే డేటాబేసులు నా వల్ల కాదు. జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా, జ్యూయిష్ వర్చువల్ లైబ్రరీ ఎప్పుడు వెతికినా పైకి వస్తున్నాయి. ఆ రెండూ చూస్తే చాలా?

పాత_సంపుటం

చదువరి గారూ, చాలవు. ముందు మీ రాగిరేకుల సంగతి. 379 అనేది కొచ్చిన్ యూదులు తరతరాలుగా చెప్పుకున్న తేదీ. రేకుల్లో ఉన్న రాజు పేరు భాస్కర రవివర్మ. లిపినీ, ఆ రాజు పాలనాకాలాన్నీ బట్టి చరిత్రకారులు 1000 ప్రాంతానికి తెచ్చారు. రబ్బాన్‌కి 72 హక్కులు దక్కాయని అందులో ఉంది. వ్యాసంలో 1000 రాసి, 379 సంప్రదాయమని ఒక ముక్క కలపండి. రెండూ రెండు రకాల సమాచారం, ఒకటి తప్పని రెండోదాన్ని పారేయక్కర్లేదు.

ఇక సైట్లు. నేను ఏ రిఫరెన్సు తెరిచినా మొదట చూసేది అది ఎప్పుడు పుట్టింది, ఎవరు పెంచారు అని. జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా 12 సంపుటాలు, న్యూయార్క్‌లో 1901 నుంచి 1906 దాకా అచ్చయింది. సైట్‌లో ఉన్నది ఆ పాత పాఠమే, ఎవరూ తిరగరాయలేదు. అంటే అందులో హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల మారణహోమం) లేదు, ఇజ్రాయెల్ దేశం లేదు, 1947లో బయటపడ్డ మృతసముద్రపు చుట్టలు (ప్రాచీన యూదు రాతప్రతులు) లేవు. కొచ్చిన్ గురించి చదివితే 'నల్ల యూదులు, తెల్ల యూదులు' అని ఆ రోజుల పద్ధతిలో పంచేసి కనిపిస్తారు. ఆ మాటలు యథాతథంగా ఎత్తి రాస్తే ఇవాళ బాగోదు.

అలాగని తీసిపారేయలేం. తల్మూద్ (యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం) పండితుల మీద లూయీ గింజ్‌బర్గ్ రాసిన వ్యాసాలు ఇప్పటికీ చదివించుకుంటాయి. ప్రతి వ్యాసం కింద రాసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి, అవి తప్పకుండా చూడండి. మతసిద్ధాంతాల మీద చాలా వ్యాసాలు కౌఫ్‌మన్ కోలర్‌వి. ఆయన యూదు మతంలో సంస్కరణవాద రిఫార్మ్ శాఖకి చెందిన రబ్బీ, అంటే మతగురువు. ఆ చూపు వాక్యాల్లోకి జారుతుంది.

జ్యూయిష్ వర్చువల్ లైబ్రరీ వెనక ఉన్నది అమెరికన్-ఇజ్రాయెలీ కోఆపరేటివ్ ఎంటర్‌ప్రైజ్ అనే సంస్థ. రెండు దేశాల సంబంధాలు గట్టిపడాలన్నది వాళ్ల ధ్యేయం, వాళ్లే చెప్పుకుంటారు. కాబట్టి ఇటీవలి రాజకీయాలకి ఆ ఒక్క సైట్‌నే పట్టుకోకండి. కానీ అందులో ఒక నిధి ఉంది. ఎన్‌సైక్లోపీడియా జుడాయికా రెండో కూర్పు (2007, 22 సంపుటాలు) వ్యాసాలు చాలా అక్కడ ఉచితంగా దొరుకుతాయి. పేజీ అడుగుకి వెళ్లి ఆధారం దగ్గర ఆ పేరుందో లేదో చూడండి. ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు.

అల్లాటప్పా

ఇంత తతంగం ఎందుకండీ? వికీపీడియాలో చూసి, జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియాతో పోల్చుకుంటే పోలా? రెండూ ఒకటే చెప్తే కరెక్టే అనుకోవచ్చు.

పాత_సంపుటం

అల్లాటప్పా గారూ, అసలు చిక్కు అక్కడే. జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియాకి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. వికీపీడియా మొదలైన రోజుల్లో యూదు విషయాల మీద బోలెడు వ్యాసాలకి దాని పాఠాన్నే ఎత్తి పోశారు. అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది. అలాంటి పేజీ దొరికితే మీ రెండు సాక్ష్యాలూ ఒకే మనిషి చెప్పినవి. పోల్చితే కలవక ఏం చేస్తాయి!

నీలిమందు

చదువరి గారి అంశానికైతే ఎన్‌సైక్లోపీడియాల కన్నా గెనీజా (వాడేసిన పాత కాగితాలు దాచే గది) సైట్లు ముఖ్యం. పాత కైరో ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ఉంది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదన్న నియమం వల్ల అక్కడి గదిలో శతాబ్దాల తరబడి కాగితాలు పడేస్తూ వచ్చారు. ప్రార్థనలే కాదు, ఉత్తరాలు, పద్దులు, పెళ్లి ఒప్పందాలు, అన్నీ. 1896-97లో సాలమన్ షెక్టర్ వెళ్లి వాటిలో పెద్ద భాగాన్ని కేంబ్రిడ్జ్‌కి తెచ్చారు. ఒక్క ఆ సేకరణలోనే 1,90,000 పైచిలుకు ముక్కలున్నాయి. వాటి ఫొటోలు కేంబ్రిడ్జ్ డిజిటల్ లైబ్రరీలో పెట్టారు. ఉత్తరాల వివరాలు, చాలావాటికి పాఠం, కొన్నింటికి ఇంగ్లిష్ అనువాదం ప్రిన్స్‌టన్ గెనీజా ప్రాజెక్టులో దొరుకుతాయి. దాన్ని 1986లో మొదలుపెట్టారు, ఇప్పటికీ పెరుగుతోంది. అంతకుముందు దశాబ్దాల పాటు ఆ ఉత్తరాలతో కుస్తీ పట్టినవారు చరిత్రకారుడు ఎస్.డి. గోయిటైన్.

అక్కడ అబ్రహాం బెన్ యిజూ అని కొట్టి చూడండి. ట్యునీషియా వైపు నుంచి వచ్చి 1132 నుంచి 1149 దాకా ఎక్కువకాలం మంగళూరు ప్రాంతంలో గడిపిన వర్తకుడు. కంచు సామాను పని చేయించేవాడు. మిరియాలు, ఇనుము, వక్కలు ఏడెన్‌కి పంపేవాడు. అక్కడి మిత్రులు బదులుగా చక్కెర, ఎండుద్రాక్ష, రాసుకోడానికి కాగితం కానుకగా పంపేవారు. ఏడెన్‌కి వ్యాపారం మీద వెళ్లొచ్చే 'బొమ్మ' అనే అతని పనివాడి పేరు కూడా ఆ ఉత్తరాల్లో ఉంది. ఇదంతా 1906 నాటి పుస్తకంలో వెతకడం దండగ. ఆ చిత్తుకాగితాలని ఒకచోట చేర్చి ఆ మనిషిని నిలబెట్టింది తర్వాతి తరాలు.

ఇంకొకటి. తత్వవేత్త మైమొనిడీస్ తమ్ముడు డేవిడ్ రత్నాల వ్యాపారి. ఇండియాకి వస్తూ సముద్రంలో మునిగిపోయాడని అన్నగారి ఉత్తరం వల్ల అందరికీ తెలిసిందే. కానీ ఎర్రసముద్రం ఒడ్డున ఐధాబ్ రేవు నుంచి డేవిడ్ స్వయంగా రాసిన ఉత్తరం గెనీజాలో దొరికింది. నానా తిప్పలు పడి ఎడారి దాటి వస్తే ఆ రేవులో నీలిమందు తప్ప కొనడానికేమీ లేదు, అందుకని ఇండియాకి ఓడెక్కుతున్నా అని అన్నకి చెప్పుకున్నాడు. నా పేరు ఎక్కడిదో మీకు అర్థమైపోయి ఉంటుంది :)

పోలండ్_కథలు

సందట్లో సడేమియా అనుకోకండి. నాకు కావలసింది తూర్పు యూరప్, హోలోకాస్ట్ ముందూ వెనకా. దానికి ఏవి చూడాలి?

పాత_సంపుటం

తూర్పు యూరప్‌కైతే రెండో ఆలోచన లేకుండా యీవో ఎన్‌సైక్లోపీడియా. యీవో 1925లో విల్నాలో (ఇప్పటి విల్నియస్) పుట్టి, 1940లో కేంద్రాన్ని న్యూయార్క్‌కి మార్చుకున్న యూదు పరిశోధన సంస్థ. ఎన్‌సైక్లోపీడియా 2008లో రెండు సంపుటాలుగా వచ్చింది, రెండేళ్లకి మొత్తం ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టేశారు. ఒకే ఊరికి నాలుగు పేర్లుంటాయి జాగ్రత్త. లెంబెర్గ్, ల్వూఫ్, ల్వోవ్, ల్వివ్ అన్నీ ఒకటే. హోలోకాస్ట్‌కి వాషింగ్టన్ మ్యూజియం వాళ్ల హోలోకాస్ట్ ఎన్‌సైక్లోపీడియా. హిందీలో, ఉర్దూలో కూడా కొన్ని వ్యాసాలున్నాయి. చనిపోయినవాళ్ల పేర్లు కావాలంటే యాద్ వాషెమ్ (జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ) డేటాబేసు. ఊళ్ల స్మృతిగ్రంథాలు జ్యూయిష్‌జెన్ అనే యూదు వంశావళుల సైట్‌లో అనువాదాలతో ఉన్నాయి. బతికి బయటపడ్డవాళ్లు గుర్తుతెచ్చుకుని రాసినవి కాబట్టి తేదీలు అటూ ఇటూ అవుతాయి, కానీ ఏ వీధిలో ఎవరి కొట్టుండేదో అవి చెప్పినట్టు ఇంకేవీ చెప్పవు.

చదువరి77

అందరికీ థ్యాంక్స్. బెన్ యిజూ దొరికాడు, రెండు రాత్రులు నిద్ర లేదు. రెండు సందేహాలు. ఆ పత్రాల మీద తేదీలు 1444 అలా ఉన్నాయేంటి? మూలగ్రంథాల్లోంచి వాక్యాలు కావాలంటే ఎక్కడ చూడాలి?

నీలిమందు

అది సెల్యూసిడ్ శకం, అంటే అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రాజుల నాటి నుంచి లెక్కపెట్టే పద్ధతి. 311 గానీ 312 గానీ తీసేయండి, 1444 అంటే 1132-33. సృష్టి శకంలో (ప్రపంచం పుట్టినప్పటి నుంచి యూదులు వేసే లెక్క) ఉంటే 3760 గానీ 3761 గానీ తీసేయాలి. యూదుల కొత్త సంవత్సరం సెప్టెంబర్-అక్టోబర్‌లో వస్తుంది కాబట్టి నెల తెలియకపోతే రెండు సంవత్సరాలూ గీత పెట్టి రాయడమే పద్ధతి. ఉత్తరాన్ని ఉదహరించేటప్పుడు సైట్ పేరు ఒక్కటే రాసి వదిలేయకండి, ఆ ముక్క లైబ్రరీ నంబరు కూడా రాయండి. కేంబ్రిడ్జ్‌వి చాలావరకు టి-ఎస్ అని మొదలవుతాయి, టేలర్-షెక్టర్ అన్నమాట.

పాత_సంపుటం

మూలగ్రంథాలకి సెఫారియా అనే సైట్. బైబిల్, తల్మూద్, మైమొనిడీస్ ధర్మశాస్త్రం, హీబ్రూ పక్కనే ఇంగ్లిష్. స్టైన్‌సాల్ట్స్ తల్మూద్ ఇంగ్లిష్ అనువాదాన్ని 2017లో అక్కడ ఉచితంగా పెట్టారు, అయితే అది వ్యాపారేతర లైసెన్సు. మీ పత్రిక అమ్ముడయ్యేదైతే రెండు మూడు వాక్యాలు ఉదహరించడం వేరు, పేజీలకి పేజీలు అనువదించి వేయడం వేరు. గెనీజా ఫొటోలు అచ్చు వేయాలన్నా అంతే. ఏ ముక్క ఏ లైబ్రరీదో చూసుకుని వాళ్లకే ఈమెయిల్ పెట్టండి. జవాబుకి టైమ్ పడుతుంది, వ్యాసం గడువుకి ముందే అడిగేయండి.