అమ్మకు బేరియం పరీక్ష రాశారు, అది విషం కాదా?

పల్నాటి_పిల్ల:
రెండు నెలలుగా అమ్మకు ముద్ద దిగడం లేదు. మజ్జిగన్నం కూడా మధ్యమధ్య నీళ్లు తాగితే గాని మింగలేకపోతోంది. డాక్టరుగారు బేరియం స్వాలో (బేరియం మందు మింగించి తీసే ఎక్స్‌రే) తీయించుకు రమ్మన్నారు. ఇంటర్ ల్యాబ్‌లో బేరియం క్లోరైడ్ ముట్టుకుంటే చేతులు కడుక్కోమని మా మేడమ్ వెంటపడేవారు. అలాంటిది 63 ఏళ్ల మనిషి చేత తాగిస్తారా? బుధవారం రమ్మన్నారు. తీయించుకున్నవాళ్లుంటే చెప్పండి.

రసాయనం_మాస్టారు:
అమ్మా, మీరు భయపడ్డ పదార్థం నిజంగా విషమే. కానీ తాగించేది అది కాదు. సల్ఫేట్ పరీక్షలో బేరియం క్లోరైడ్ పోయగానే తెల్లటి అవక్షేపం (కరగకుండా అడుగున దిగే పొడి) వచ్చేది గుర్తుందా? సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినా అది కరగలేదు కదా. ఆ బేరియం సల్ఫేటే మీ అమ్మగారికి ఇచ్చేది. లీటరు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములు కూడా కరగడం కష్టం. కడుపులో ఉన్నదీ ఆ ఆమ్లమే కాబట్టి అక్కడా కరగదు, రక్తంలో చేరదు, మలంతో బయటికి పోతుంది.

బేరియం కార్బొనేట్ సంగతి వేరు. నీళ్లలో కరగదు గాని కడుపులోని ఆమ్లం తగిలితే క్లోరైడ్‌గా మారిపోతుంది. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడింది దాన్నే. కరిగిన బేరియం ఒంట్లో చేరితే కణాల్లోంచి పొటాషియం బయటికొచ్చే దారులు మూసుకుపోతాయి. రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది. అలాంటివారికి సోడియం సల్ఫేటో మెగ్నీషియం సల్ఫేటో తాగిస్తారు, పొట్టలో మిగిలిన బేరియాన్ని కరగని సల్ఫేట్‌గా మార్చడానికి. 2003లో బ్రెజిల్‌లో కార్బొనేట్ కలిసిన పరీక్ష మందు తాగి పలువురు చనిపోయారు. అందుకే ఆ పొడి ఔషధ ప్రమాణాలతో తయారైనదై ఉండాలి.

గోదారి_గట్టు:
నాకు పోయినేడు తీశారు. చిక్కటి సుద్దనీళ్లలా ఉంటుంది, అంతకుమించి బాధేం లేదు. మెషిన్ ముందు నిలబెట్టి, నోటినిండా పట్టి ఉంచమని, చెప్పగానే మింగమన్నారు. నాకు అన్నవాహిక పైన ఉబ్బి, కింద పక్షి ముక్కులా సన్నబడిందని అందులోనే తేలింది. బెలూన్‌తో వెడల్పు చేశాక ఇప్పుడు దోసెలు కూడా తింటున్నాను. ఒక్కటే ఇబ్బంది: తర్వాత నీళ్లు బాగా తాగమని నాకెవరూ చెప్పలేదు. మూడు రోజులు విరేచనం కాక నరకం చూశాను.

ఎక్స్‌రే_గది:
రేడియోగ్రాఫర్‌ని. మేం ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిన మాట అది. మలం ఒకటి రెండు రోజులు తెల్లగా వస్తుంది, కంగారు పడకండి. బేరియం పరమాణు సంఖ్య 56, ఎముకల్లోని కాల్షియానిది 20. ఎక్స్‌రేలను గట్టిగా అడ్డుకుంటుంది కాబట్టే మెత్తటి అన్నవాహిక ఆకారం తెర మీద తెలుస్తుంది. ఒక్క విషయం ముందే చెప్పండి: అమ్మగారికి నీళ్లు తాగితే పొలమారుతోందా, ఈమధ్య పొట్ట ఆపరేషన్ ఏమైనా అయిందా? పేగుకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియం ఇవ్వకూడదు, నీళ్లలో కరిగే అయోడిన్ మందు ఇస్తారు. షుగర్ మాత్రలుంటే పరగడుపున వేసుకోవాలో వద్దో అడగండి.

ముగ్గురాయి_బిడ్డ:
మాది ఉమ్మడి కడప జిల్లా, మంగంపేట పక్కూరు. మీరంతా బేరియం సల్ఫేట్ అంటాండారు గాని మాకది ముగ్గురాయి. చూసేకి మామూలు రాయే, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతాది. నీళ్లకంటే నాలుగింతలకు పైనే బరువు. ఎక్కువ భాగం ఆయిల్ బావులు తవ్వేచోటికే పోతాది, లోపల్నుంచి గ్యాసు తన్నుకురాకుండా, తవ్వేటప్పుడు బావిలో పోసే బురదకు బరువు కోసం కలుపుతారు.

మా నాయన పొడి మిల్లులో పద్దెనిమిదేండ్లు చేసినాడు. ఒకసారి దగ్గొచ్చి ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా తెల్లచుక్కలు. టీబీ అనుకుని ఇంట్లో అందరం ఏడ్చినాం. పెద్దాసుపత్రి డాక్టరు "ఏం పని చేస్తావు" అని అడిగి, బేరిటోసిస్ అన్నాడు. పీల్చిన దుమ్ము ఫిల్మ్ మీద అట్లా మెరుస్తాదంట, ఊపిరికి పెద్ద నష్టం చేయదంట. పని మానినాక చుక్కలు తగ్గినాయి. అయినా రాయిలో సిలికా కూడా ఉంటాది, అది మాత్రం ఊపిరితిత్తుల్ని తినేస్తాది. మిల్లుల్లో చేసేవాళ్లు ఎవరన్నా ఇది చదువుతాంటే మాస్కు లేకుండా పోవద్దండన్నా.

పల్నాటి_పిల్ల:
అందరికీ దండాలు. పొద్దున తీయించాం. పొలమారే సంగతి ముందే చెబితే, మొదట ఒక్క గుక్కే ఇచ్చి చూశారు. రిపోర్టు శుక్రవారం. అమ్మ ఇప్పుడు రెండో చెంబు నీళ్లు తాగుతోంది, కొంచెం కొంచెంగా.