మొదటి పైపు, మొదటి పొగాకు: ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

అనుభవజ్ఞులందరికీ నమస్కారం. నాకు నలభై ఏళ్లు. సిగరెట్ అలవాటు ఎప్పుడూ లేదు. ఏడాదికి ఒకటో రెండో చుట్టలు కాల్చాను, అంతే. పైపు మీద మాత్రం చాలాకాలంగా మనసుంది. కిందటి నెలలో పైపు, పొగాకు, ట్యాంపర్ (బౌల్‌లో పొగాకును అదిమే చిన్న కడ్డీ) అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మే సెట్టు ఒకటి తెప్పించుకున్నాను. పైపును ఏ చెక్కతో చేశారో పెట్టె మీద ఎక్కడా రాయలేదు. బౌల్ (పొగాకు నింపే గిన్నె) బయటే కాక లోపల కూడా నల్లగా, నిగనిగలాడుతూ ఏదో పూత ఉంది. అది ఉండవలసిందేనేమో అనుకుని, దానితోపాటు వచ్చిన చెర్రీ వాసన పొగాకును నిండా దట్టించి వెలిగించాను. మొదటి రెండు దమ్ములకే రంగు కాలుతున్న వాసన వచ్చింది. ఆ తరువాత పైపు మాటిమాటికీ ఆరిపోవడం, ఆరిపోతుందన్న భయంతో నేను గట్టిగా లాగడం, లాగినప్పుడల్లా గొట్టంలో నీరు గుడగుడలాడడం, ఇదే వరస. ఒకసారి చేదు నీరు నేరుగా నోట్లోకే వచ్చింది. నాలుక కొస పొక్కిపోయి, రెండు రోజులపాటు గోరువెచ్చని నీళ్లు తాగినా మండింది.

ఈసారి తెలుసుకుని కొనాలనుకుంటున్నాను. మొదటి పైపు ఏ చెక్కది అయితే మంచిది? నిటారుగా ఉన్నది తీసుకోవాలా, వంపు తిరిగినదా? ఫిల్టర్ అవసరమా? అన్నింటికంటే ముఖ్యంగా, కొత్తవారు ఏ పొగాకుతో మొదలుపెట్టాలి? నాలుక మంట ఎవరికైనా తప్పదా, లేక అది నా పొరపాటేనా?

మొదటి జవాబు

మీ అనుభవంలో పైపు తప్పెంత, పొగాకు తప్పెంత, లాగిన తీరు తప్పెంత అన్నది విడదీసి చూడాలి. పొగాకు సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి నేను పైపు గురించి రాస్తాను.

ముందుగా ఒక మాట: ఆ పైపును మళ్లీ వెలిగించకండి. మంచి తయారీదారులు కూడా కొందరు బౌల్ లోపల పలుచని పూత వేస్తారు, కానీ అది మెరుపు లేకుండా, బొగ్గు పొడి రాసినట్టు ఉంటుంది. నిగనిగలాడేది వార్నిషో రంగో అయి ఉంటుంది. అది కాలి పొగలో కలవడం ఏ విధంగానూ మంచిది కాదు.

పైపులకు ఎక్కువగా వాడే చెక్క బ్రయర్. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొదకు, వేరూ కాండమూ కలిసేచోట ఏర్పడే గట్టి బుడిపె అది. దానిని తవ్వి తీసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి నీడన ఆరనిచ్చాకనే పైపులు చెక్కుతారు. ఇంత శ్రమ ఎందుకంటే, లోపల నిప్పు ఉన్నా తొందరగా కాలిపోకుండా, తడిని కొంత పీల్చుకుంటూ, చేతికి మరీ వేడి తగలనివ్వని చెక్క అరుదు. మొదటి బ్రయర్ పైపు కొనేటప్పుడు చెక్క గీతల అందానికి డబ్బు పెట్టవద్దని నా సలహా. చిన్న చిన్న గుంటలను పుట్టీతో పూడ్చిన పైపైనా, పైభాగాన్ని గరుకుగా చేసిన పైపైనా రుచిలో తేడా ఉండదు, ధర మాత్రం తగ్గుతుంది.

చెక్క కంటే నేను ఎక్కువ పట్టించుకునేది లోపలి రంధ్రం. బౌల్ లోకి దీపం వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. పొగ వెళ్లే రంధ్రం బౌల్ అడుగున, సరిగ్గా మధ్యలో తెరుచుకోవాలి. అది అడుగుకు పైన ఉంటే, దాని కింద మిగిలిన పొగాకు ఎన్నటికీ కాలదు, తడిసి ముద్దయి ఉంటుంది. తరువాత స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) ఊడదీయకుండానే నోటి కొస వైపు నుంచి, దూది చుట్టిన సన్నని తీగలాంటి పైప్ క్లీనర్‌ను లోపలికి తోయండి. అది ఎక్కడా తట్టుకోకుండా బౌల్ అడుగున తల చూపిస్తే ఆ పైపు లోపల చక్కగా ఉన్నట్టే. మీరు చెప్పిన గుడగుడ చాలాసార్లు లోపల రంధ్రాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవకపోవడం వల్ల వస్తుంది, ఎందుకంటే ఆ ఖాళీలో ఆవిరి చల్లబడి నీరవుతుంది.

నిటారు పైపులో క్లీనర్ సులువుగా వెళుతుంది, తడి తక్కువగా చేరుతుంది. వంపు పైపు బరువు పళ్ల మీద తక్కువగా పడుతుంది, కానీ వంపు దగ్గర నీరు నిలుస్తుంది. కొత్తవారికి నిటారుగా ఉండే బిలియర్డ్ ఆకారం, లోపల 19 లేదా 20 మిల్లీమీటర్ల వెడల్పున్న బౌల్, 50 గ్రాములు దాటని బరువు సరిపోతాయి. స్టెమ్ గట్టిపరచిన రబ్బరైన వల్కనైట్‌దైతే పళ్లకు మెత్తగా ఉంటుంది కానీ ఎండలో పెడితే పచ్చబడుతుంది. యాక్రిలిక్ ప్లాస్టిక్ గట్టిది, రంగు మారదు. 9 మిల్లీమీటర్ల ఫిల్టర్ తడినీ కొంత వేడినీ ఆపుతుంది, దానితోపాటు రుచినీ కొంత ఆపుతుంది. అది ఉన్నంత మాత్రాన పొగ హాని లేనిదైపోదు.

ఇంత చెప్పి, నిజానికి నేను మీకు సూచించేది బ్రయర్ కాదు. గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెతో చేసిన పైపు తీసుకోండి. అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు వాషింగ్టన్ పట్టణంలో 1869లో మొదలైన మిస్సోరి మీర్షామ్ సంస్థ ఇప్పటికీ వీటినే చేస్తోంది. కండె తేలికగా ఉంటుంది, తడిని పీల్చుకుంటుంది, కొత్త బ్రయర్ లాగా అలవాటు చేయవలసిన పని లేదు, ధర చాలా తక్కువ. పైపు మీకు సరిపడుతుందో లేదో తేలకముందే పెద్ద మొత్తం పెట్టడం దేనికి? బ్రయర్ అయితే లోపల పలుచని మసి పొర కట్టేదాకా మొదటి కొన్నిసార్లు సగం బౌల్ మాత్రమే నింపి నిదానంగా కాల్చాలి. ఏ పైపైనా వేడిగా ఉండగా స్టెమ్ ఊడదీయకూడదు. బ్రయర్‌కు మాత్రం ఒకసారి కాల్చాక ఒక రోజైనా విశ్రాంతి ఇవ్వాలి.

రెండవ జవాబు

పైపు గురించి పైన చెప్పినదంతా నాకూ సమ్మతమే. పొగాకు సంగతికి వస్తే, మీ నాలుకను కాల్చింది ఎక్కువగా ఆవిరి. పరిమళం పట్టించిన పొగాకులలో చాలావాటికి తీపి పాకాలు, తడి ఆరిపోకుండా ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. డబ్బా తెరిస్తే వాసన అద్భుతంగా ఉంటుంది, వేళ్లకు జిగురు అంటుతుంది. అలాంటి దానిని వచ్చింది వచ్చినట్టు దట్టిస్తే అది కాలడానికి ముందు ఉడుకుతుంది. ఆరిపోతోందని మీరు గట్టిగా లాగేకొద్దీ ఆ వేడి ఆవిరి అంతా నాలుక కొస మీదే పడుతుంది. కొత్తవారికి సువాసన పొగాకే సులువని చాలామంది అంటారు కానీ, నా అభిప్రాయంలో కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే.

ఆకు రకాలు తెలిస్తే ఎంపిక తేలిక. వర్జీనియా ఆకును కొట్టంలో వేడిగాలితో ఆరబెడతారు. దానిలో చక్కెర ఎక్కువ, ఎండుగడ్డి వంటి తీపి ఉంటుంది, కానీ తొందరపడితే నాలుకను కరుస్తుంది. బర్లీని మామూలు గాలికి నీడన ఆరబెడతారు. చక్కెర చాలా తక్కువ, వేయించిన పప్పుల వంటి రుచి, నిలకడగా కాలుతుంది, అయితే నికోటిన్ ఎక్కువ. ఓరియెంటల్ చిన్న ఆకులను ఎండలో ఆరబెడతారు. లటాకియాను కట్టెల పొగలో ఆరబెడతారు. సిరియా రేవు పట్టణం పేరు మీద వచ్చిన ఆ ఆకు నేడు ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తోంది. దానిది ఆరిన నెగడు వాసన, ఇష్టపడేవారు ప్రాణం పెడతారు, ఇంట్లోవారు భరించలేరు. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాలలో అదిమిపెట్టి పులియబెట్టే పెరీక్‌ను చిటికెడంత కలుపుతారు. దాని జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. కేవెండిష్ అనేది ఆకు పేరు కాదు, ఆకును ఆవిరి పట్టి, అదిమి, తీయగా చేసే పద్ధతి.

మీరు బర్లీ ప్రధానంగా ఉండి, పైన పరిమళం పెద్దగా లేని, సన్నని పీలికలుగా కోసిన పొగాకుతో మొదలుపెట్టండి. బిళ్లలుగా వచ్చే ఫ్లేక్‌ను చేతితో నలిపి సిద్ధం చేసుకోవడం తరువాత నేర్చుకోవచ్చు. ఒక్క బౌల్‌కు సరిపడా తీసి కాగితం మీద పలుచగా పరచి, అరగంటో గంటో వదిలేయండి. చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి వదలండి. ముద్దలా అంటుకుపోతే ఇంకా చెమ్మ ఉన్నట్టు, పెళపెళమని పొడి రాలితే ఆరడం ఎక్కువైనట్టు, మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. నాకు ఈ చిటికెడు పరీక్ష నేర్పినంత మేలు ఏ ఖరీదైన పైపూ చేయలేదు.

బౌల్‌ను మూడు విడతలుగా నింపుతారు. మొదటి విడత పసివాడి చేతితో అన్నట్టు వదులుగా, రెండవది కాస్త ఒత్తి, మూడవది ఇంకాస్త గట్టిగా. వెలిగించకముందే ఒకసారి లాగి చూడండి. గాలి కొద్దిపాటి అడ్డుతో రావాలి. అగ్గిపుల్ల తలలోని మందు పూర్తిగా కాలిపోయాక మంటను గుండ్రంగా తిప్పుతూ అంటించండి. పొగాకు పైకి ఉబుకుతుంది. దానిని ట్యాంపర్ బరువుతోనే మెల్లగా సర్ది, రెండవసారి వెలిగించండి. అసలు వెలుగు రెండవదే. ఆ తరువాత ఊపిరి ఆడుతున్నంత నిదానంగా, నోటి వరకే పొగ రానిచ్చి వదలాలి. బౌల్‌ను చెంపకు ఆనిస్తే ఓర్చుకోలేనంత వేడి ఉందంటే పక్కన పెట్టేయండి. ఆరిపోవడం తప్పేమీ కాదు, ఎన్నేళ్ల అనుభవం ఉన్నవారైనా ఒక బౌల్‌కు మూడు నాలుగుసార్లు వెలిగిస్తారు.

మూడవ జవాబు

పై ఇద్దరూ చెప్పినదానిలో నాకు అభ్యంతరం లేదు. నేను పదిహేనేళ్లు పైపు తాగి మానేశాను. మీకు ఇంకా అలవాటు పడలేదు కాబట్టి ఒక్క విషయం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. పొగను గుండెల్లోకి పీల్చము కాబట్టి పైపుతో హాని లేదనే మాట నిజం కాదు. గాలికి ఆరబెట్టిన ఆకు పొగలో క్షారగుణం ఉంటుంది, అందువల్ల నికోటిన్ నోటి లోపలి చర్మం గుండానే ఒంట్లోకి చేరుతుంది. అలవాటు అలాగే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు తాగడాన్ని, పైపుతో సహా, మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలోనే ఉంచింది. పెదవి, నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులు అన్నింటికీ ఆ ముప్పు ఉంది. మొదలుపెట్టకపోవడమే మంచిదని నా మాట. మొదలుపెడితే మాత్రం ఖాళీ కడుపుతో కాల్చకండి, పిల్లలున్న గదిలో అసలే వద్దు, నోట్లో తెల్లని మచ్చ గానీ పుండు గానీ రెండు వారాలు దాటినా మానకపోతే పళ్ల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న వేసినవారి మాట

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పాత పైపులోకి క్లీనర్ తోసి చూశాను. అది సగం దూరంలోనే దేనికో తగిలి ఆగిపోయింది. స్టెమ్ ఊడదీస్తే లోపల రెండు రంధ్రాలు ఒకదానికొకటి పక్కకు జరిగి ఉన్నాయి. దానిని పారేశాను.

కండె పైపు, బర్లీ పొగాకు తెప్పించుకున్నాను. కాగితం మీద గంటసేపు ఆరబెట్టి, సగం బౌల్ నింపి, నిన్న సాయంత్రం బయట కూర్చుని వెలిగించాను. నాలుగుసార్లు ఆరింది, ఈసారి కంగారు పడలేదు. ఇరవై నిమిషాలకు పొడి బూడిద మిగిలింది, గుడగుడ లేదు, నాలుకకు ఏమీ కాలేదు. అయితే చివరలో కాస్త తల తిరిగింది. మూడవ జవాబులోని నికోటిన్ మాట అప్పుడు బాగా అర్థమైంది. బ్రయర్ కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. దీనిని కొనసాగించాలా వద్దా అన్నది ముందు తేల్చుకుంటాను.